ఏఐ శాతం చూసి అసైన్‌మెంట్ మార్కులు కొయ్యమంటున్నారు. మీ కాలేజీల్లో ఏం చేస్తున్నారు?

సెక్షన్ సి మేడమ్ | సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో సీఎస్ఈ వాళ్ళకి పాఠాలు చెప్తాను. కాలేజీ పేరు మాత్రం అడగొద్దు.

ఈ సెమిస్టర్ నుంచి మాకు కొత్త సర్క్యులర్ వచ్చింది. అసైన్‌మెంట్లు ఇక మూడుల్ అనే ఆన్‌లైన్ క్లాసు సైట్లోనే అప్‌లోడ్ చేయించాలి. ప్రతి ఫైలునీ ఒక ఏఐ డిటెక్టర్‌లో, అంటే ఏఐ ఎంత శాతం రాసిందో అంచనా వేసే టూలులో, వెయ్యాలి. 20 శాతం దాటిందా, అసైన్‌మెంట్‌కి ఉన్న 5 మార్కులూ సున్నా. పిల్లల్ని పిలిచి అడగాల్సిన పని లేదు, స్క్రీన్‌షాట్ ఫైల్లో పెడితే చాలట.

సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌లో నేనిచ్చిన పని ఇది: మీరు రోజూ వాడే ఏదైనా ఒక సేవ తీసుకుని, దానికి యాప్ చేస్తే ఏమేం కావాలో రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్ రాయండి, ఎవరు దాంతో ఏం చేస్తారో చూపించే యూజ్ కేస్ డయాగ్రమ్ గీయండి. సెక్షన్‌లో 66 మంది. సగం కంటే ఎక్కువ మందే 20 దాటారు.

అందులో ఒకమ్మాయికి 74 వచ్చింది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. స్టూడెంట్ బస్ పాస్ గురించి రాసింది. బోనఫైడ్ మీద కాలేజీ స్టాంపు మసగ్గా పడితే కౌంటర్‌లో వెనక్కి పంపిస్తున్నారనీ, కాబట్టి స్టాంపు ఫొటో ఇంట్లోనే చెక్ చేసుకునే ఆప్షన్ యాప్‌లో ఉండాలనీ రాసింది. ఇంగ్లిష్ మాత్రం గైడు పుస్తకంలా, ప్రతి వాక్యం ఒకే కొలతలో ఉంది. పిలిచి అడిగితే తెలుగులో గడగడా చెప్పేసింది. ఆమె వెనక బెంచీ అబ్బాయికి 6 శాతమే. ఫుడ్ డెలివరీ యాప్, చక్కటి డాక్యుమెంట్. నీ డయాగ్రమ్‌లో యాక్టర్ (అంటే యాప్‌ని వాడేవాళ్ళు) ఎవరు అని అడిగితే సినిమా ప్రశ్న అనుకున్నాడు.

రూలు ప్రకారం సున్నా అమ్మాయికి పడాలి. మీ దగ్గర ఇలాంటివి ఎలా చూస్తున్నారు?

బ్యాక్‌లాగ్ బాబు | సోమవారం, రాత్రి 10:05

మేడమ్, ఆ 6 శాతం వాడు హ్యూమనైజర్ వాడాడు, ఏఐ రాతని మనిషి రాసినట్టు మార్చే టూలు. చాట్‌జీపీటీలో రాయించడం, హ్యూమనైజర్‌లో వెయ్యడం, ఫ్రీ డిటెక్టర్‌లో చెక్ చేసుకోవడం, తగ్గకపోతే మళ్ళీ తిప్పడం. మా హాస్టల్‌లో ఫస్టియర్ వాళ్ళకి కూడా వచ్చు. మీ డిటెక్టర్‌కి దొరికేది ఇద్దరే: తిప్పడం రానివాళ్ళు, అసలు వాడనివాళ్ళు.

లింకులు కింద పెడుతున్నా, మీరే ట్రై చేసి చూడండి.

మోడరేటర్ | సోమవారం, రాత్రి 10:11

లింకులు తీసేశాను. చర్చ కొనసాగించండి.

లైబ్రరీ కిటికీ | సోమవారం, రాత్రి 11:20

ఒక యూనివర్సిటీ లైబ్రరీలో థీసిస్‌లు చెక్ చేసి రిపోర్టు ఇవ్వడం నా పని. మేడమ్ గారి సర్క్యులర్ రాసినవాళ్ళు రెండు వేర్వేరు అంకెల్ని కలిపేసినట్టున్నారు.

సిమిలారిటీ శాతం ఒకటి, అంటే ఇప్పటికే ఉన్న రాతలతో ఎంత కలుస్తోందన్నది. 2019లో యూనివర్సిటీ లైబ్రరీల కోసం ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ శోధ్‌శుద్ధి అనే పథకం మొదలుపెట్టి యూనివర్సిటీలకి కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ ఉర్కుండ్ ఇచ్చింది, తర్వాత డ్రిల్‌బిట్ వచ్చింది. ఇవి ఏ వాక్యం ఎక్కడ ఉందో పక్కనే చూపిస్తాయి. నొక్కితే మూలం తెరుచుకుంటుంది. స్కాలర్ వచ్చి "సర్, అది నా పాత పేపరే" అంటే ఇద్దరం కూర్చుని చూసుకోవచ్చు. వాదించడానికి ఒక వస్తువు ఉంటుంది.

ఏఐ శాతం అలాంటిది కాదు. తర్వాత వచ్చే పదాన్ని ఎంత సులువుగా ఊహించవచ్చు, వాక్యాల పొడవు ఎంత మారుతోంది, ఇలాంటివి కొలిచి వేసే అంచనా అది. చూపించడానికి మూలం ఏదీ ఉండదు. తక్కువ పదాలతో, నేర్చుకున్న అచ్చులో ఇంగ్లిష్ రాసేవాళ్ళు సహజంగానే ఊహకి అందుతారు. 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 7 డిటెక్టర్లకి టోఫెల్ (ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళు రాసే పరీక్ష) వ్యాసాలు 91 ఇచ్చి చూశారు. అన్నీ మనుషులు రాసినవే. సగటున 61 శాతం వ్యాసాలని ఏఐ అని చెప్పాయి. అమెరికా స్కూలు పిల్లలు రాసినవి ఇస్తే మాత్రం దాదాపు సరిగ్గానే చెప్పాయి. మీ బస్ పాస్ అమ్మాయి ఏ గుంపులో పడుతుందో చూడండి.

చాట్‌జీపీటీని చేసిన ఓపెన్‌ఏఐ కూడా 2023 జనవరిలో సొంత డిటెక్టర్ ఒకటి వదిలింది. ఏఐ రాసినదాంట్లో 26 శాతమే పట్టుకుంటుందనీ, మనుషులు రాసినదాన్ని 9 శాతం సార్లు తప్పుగా పడుతుందనీ వాళ్ళే చెప్పారు. జులైలో దాన్ని తీసేశారు. చేసినవాళ్ళకే చేతకానిది మన కాలేజీ కొన్న చవక టూలుకి ఎలా వస్తుందో నాకు అర్థం కాదు.

ఇక ఆ 20 ఎక్కడిదో ఊహించగలను. చాలా యూనివర్సిటీలు వాడే టర్నిటిన్ అనే సాఫ్ట్‌వేర్ ఏఐ రిపోర్టులో 20 కంటే తక్కువ వస్తే అంకె వెయ్యకుండా నక్షత్రం గుర్తు పెడతారు, ఆ పరిధిలో తప్పులు ఎక్కువ కాబట్టి. దాని అర్థం 20 దాటితే దొంగ అని కాదు.

కాకినాడ ల్యాబ్ | మంగళవారం, ఉదయం 7:15

అంత గోల ఎందుకు సర్? పాత పద్ధతిలో చేత్తో రాయిస్తే సరిపోదా?

బ్యాక్‌లాగ్ బాబు | మంగళవారం, ఉదయం 7:31

ఫోన్ పక్కన పెట్టుకుని చూసి రాస్తాం సర్. వేళ్ళ నొప్పి తప్ప తేడా ఉండదు.

విశ్రాంత ఆచార్యుడు | మంగళవారం, ఉదయం 8:50

అమ్మా సెక్షన్ సి, ముందు మీ సర్క్యులర్‌కి ఏ రూలు ఆధారమో అడుగు. యూజీసీ 2018లో తెచ్చిన అకడమిక్ ఇంటెగ్రిటీ రెగ్యులేషన్స్ పేరు చెప్తే ఇది చూపించు. అందులో పోలిక 10 శాతం దాకా ఉంటే ఏ శిక్షా లేదు. 10 నుంచి 40 అయితే సరిదిద్ది మళ్ళీ ఇవ్వాలి, దానికి ఆరు నెలలకి మించని గడువు. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఇదంతా పీజీ, పరిశోధన స్థాయి థీసిస్‌లకీ డిసర్టేషన్లకీ. అసైన్‌మెంట్లు, టర్మ్ పేపర్లు, కోర్సు వర్కు, జవాబు పత్రాలు ఆ నిర్వచనంలోకి రావని అందులోనే స్పష్టంగా ఉంది. 2018 నాటికి చాట్‌జీపీటీ లేదు కాబట్టి ఏఐ మాట ఎలాగూ లేదు.

అంటే మీ 20 శాతం కాలేజీ సొంత తయారీ. కాలేజీకి సొంత రూలు పెట్టుకునే హక్కు ఉంది, కాదనను. కానీ థీసిస్ కాపీ కొట్టినవాడికి కూడా ఆ రెగ్యులేషన్ రెండు అంచెల విచారణ ఇచ్చింది: శాఖ స్థాయిలో ఒక ప్యానెల్, సంస్థ స్థాయిలో ఇంకొకటి. సహజ న్యాయ సూత్రాలు పాటించాలని రాసింది. పీహెచ్‌డీ వాడికి ఇచ్చిన ఆ మర్యాద బీటెక్ అమ్మాయికి ఎందుకు లేదు? పిలిచి అడగొద్దు అనడం ఏమిటి?

సెక్షన్ సి మేడమ్ | మంగళవారం, మధ్యాహ్నం 1:10

సర్, చాలా థాంక్స్. అసైన్‌మెంట్లు ఆ నిర్వచనంలో లేవని మా కమిటీలో ఎవరికీ తెలియదు. మీటింగ్‌లో అందరూ "యూజీసీ రూలు, యూజీసీ రూలు" అన్నారు.

టెక్సాస్ టైమ్ | మంగళవారం, మధ్యాహ్నం 2:48

ఇక్కడ అర్ధరాత్రి దాటింది, డెడ్‌లైన్ ఉంది కాబట్టి మెలకువగా ఉన్నా. ఎంఎస్ సెకండ్ సెమ్.

మా దగ్గర ఏఐ రూలు కోర్సుకొకటి. ఒక ప్రొఫెసర్ వాడొచ్చు, వాడితే ఎక్కడ వాడావో కింద రెండు లైన్లు రాయి అంటాడు. ఇంకొకాయన ముట్టుకుంటే ఎఫ్ అంటాడు. ఒకే రోజు రెండు క్లాసులు, రెండు చట్టాలు. సిలబస్ మొదటి పేజీ చదవకుండా ఏదీ చెయ్యకూడదని సీనియర్లు వచ్చిన మొదటి వారమే చెప్తారు.

కాన్వాస్ అనే ఆన్‌లైన్ క్లాసు సైట్లో డిస్కషన్ బోర్డు ఉంటుంది. బుధవారం లోపల ఒక పోస్టు, ఆదివారం లోపల ఇద్దరికి రిప్లై. నిజం చెప్పాలంటే అక్కడ బాట్‌కి బాట్ జవాబు ఇస్తోంది, మేం మధ్యలో పోస్ట్‌మేన్‌లం. "నీ ఆలోచన చాలా లోతుగా ఉంది" అని నాకు ఇద్దరు రాశారు, నా ఆలోచన అందులో లేనే లేదు.

కోడింగ్ మాత్రం వేరు. అక్కడ కాపీ కోడ్‌ని పట్టే మాస్ అనే టూలు ఉంది, స్టాన్‌ఫర్డ్‌ది, 1994 నుంచి ఉంది. మన "మాస్" కాదు గానీ దెబ్బ అలాగే ఉంటుంది. మా రూమ్మేట్ హోంవర్క్ కోడ్ ఇంకొకడికి పంపాడు. వాడు వేరియబుల్ పేర్లు మార్చి పెట్టేశాడు. మాస్ పేర్లు చూడదు, కోడ్ నడక చూస్తుంది. ఇద్దర్నీ హియరింగ్‌కి పిలిచారు. ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ ఒకటే శిక్ష. మావాడు "ఫ్రెండ్‌కి హెల్ప్ చేశా, అది తప్పెలా అవుతుంది" అని చాలా రోజులు అడుగుతూనే ఉన్నాడు. మన దగ్గర రికార్డు పక్కవాడిది చూసి రాయడం తప్పుల్లో లెక్క కాదు కదా, లెక్చరరే "పక్కవాడిది చూసి ఈ రోజు కంప్లీట్ చెయ్" అంటారు. అక్కడి నుంచి వచ్చి ఇక్కడ సస్పెండ్ అయితే ఫుల్ టైమ్ ఎన్‌రోల్‌మెంట్ పోతుంది, దాంతోపాటు ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) స్టేటస్ కూడా. 5 మార్కుల విషయం కాదు ఇది.

ఒక పనికొచ్చే మాట: ఏం రాసినా గూగుల్ డాక్స్‌లో రాస్తాం. వెర్షన్ హిస్టరీ ఉంటే ఏ రోజు ఏ పేరా రాశామో చూపించొచ్చు. మేడమ్ గారి క్లాసు అమ్మాయికి ఈ ముక్క చెప్పండి.

లైబ్రరీ కిటికీ | మంగళవారం, సాయంత్రం 4:30

వెర్షన్ హిస్టరీ మంచిదే. కానీ ల్యాప్‌టాప్ లేక ఫోన్‌లో రాసి, నెట్ సెంటర్‌లో పీడీఎఫ్ చేయించుకునే పిల్లలకి అది ఉండదు. మన కాలేజీల్లో వాళ్ళు తక్కువ మందేం కాదు.

అమీర్‌పేట ఓల్డ్ బ్యాచ్ | మంగళవారం, రాత్రి 8:02

అందరూ ఇదేదో కొత్త రోగం అన్నట్టు మాట్లాడుతుంటే నవ్వొస్తోంది. నేను పదేళ్ళ పైన అమీర్‌పేటలో ప్రాజెక్టు సెంటర్ నడిపాను. బీటెక్ మేజర్ ప్రాజెక్టులు. ఐఈఈఈ బేస్ పేపర్, కోడు, డాక్యుమెంటు, పీపీటీ అన్నీ ఒకే ప్యాకేజీ. జావాకి ఒక రేటు, మ్యాట్‌ల్యాబ్‌కి ఒక రేటు, హార్డ్‌వేర్ కిట్ ఉంటే ఇంకో రేటు. ఒకే ప్రాజెక్టు టైటిల్ మార్చి నాలుగు కాలేజీలకి వెళ్ళేది. గైడుకి తెలుసు, హెచ్ఓడీకి తెలుసు, బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ఎక్స్‌టర్నల్‌కి తెలుసు. అందరూ సంతకాలు పెట్టారు. అప్పుడు ఏ డిటెక్టరూ కొనలేదు, ఏ సర్క్యులరూ రాలేదు. ఇప్పుడు ఆ షాపు నెలకి ఇంత అని ఫోన్‌లోకి వచ్చింది, మా గిరాకీ పోయింది. అంతే తేడా.

కానీ ఒకటి చెప్తాను. మా ప్యాకేజీలో ఎక్స్‌ప్లనేషన్ క్లాసు అని ఉండేది. కోడ్ ఎలా నడుస్తుందో కూర్చోబెట్టి చెప్పేవాళ్ళం. ఎందుకనుకున్నారు? వైవా కోసం. ఈసారి ఎక్స్‌టర్నల్ గట్టివాడు అని కబురు వస్తే పిల్లలు డబ్బులిచ్చి ఇంకో క్లాసు పెట్టించుకునేవాళ్ళు. ఎక్స్‌టర్నల్ భోజనం చేసి వెళ్ళిపోయే రకం అయితే ఆ క్లాసుకి ఒక్కడూ వచ్చేవాడు కాదు. కొన్న ప్రాజెక్టు కూడా నేర్చుకున్నారంటే అడిగేవాడు ఉన్నాడు కాబట్టి.

విశ్రాంత ఆచార్యుడు | మంగళవారం, రాత్రి 8:40

ఓల్డ్ బ్యాచ్ గారూ, మీ వ్యాపారం నాకు నచ్చలేదు. మీ పరిశీలన మాత్రం కాదనలేను.

అను ఫాంటు బాధితుడు | బుధవారం, ఉదయం 6:55

ఇంజినీరింగ్ వాళ్ళ మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. తెలుగు శాఖలో పీహెచ్‌డీ స్కాలర్‌ని. మా కథ వింటే మీ టెన్షన్ కాస్త తగ్గుతుంది.

మా దగ్గర చాలా థీసిస్‌లు డీటీపీ సెంటర్‌లో అను అనే ఫాంటులో టైపు అవుతాయి. కంటికి తెలుగు, ఫైలు లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాదు కాబట్టి సాఫ్ట్‌వేర్‌కి అదేం భాషో తెలియదు. మా సీనియర్ ఒకరిది సిమిలారిటీ సున్నా వచ్చింది. పుస్తకాలకి పుస్తకాలు ఎత్తి రాసినా సున్నాయే వస్తుంది.

ఆ తర్వాత యూనికోడ్‌లోకి మార్చి ఇవ్వమన్నారు. నాది ప్రబంధాల మీద. పద్యం ఉదహరించకుండా ఒక్క పేజీ కూడా నడవదు. ఆ పద్యాలు ఎన్నో వెబ్‌సైట్లలో ఉన్నాయి. కాబట్టి పద్యమంతా ఎర్రగా వచ్చింది. మూలం చెప్పి ఉదహరించినవాటిని లెక్కలోంచి తీసెయ్యాలని రూలు ఉంది. కానీ పద్యానికి కొటేషన్ మార్కులు ఎవరు పెడతారు? మార్కులు లేకపోతే సాఫ్ట్‌వేర్‌కి అది ఉదాహరణ అని తెలియదు. పెద్దన గారి పద్యాల కింద కూర్చుని ఒక్కొక్కదానికీ కొటేషన్లు తగిలించాను.

ఇక ఏఐ సంగతి. టర్నిటిన్ ఏఐ డిటెక్షన్ ఇంగ్లిష్‌తో మొదలై తర్వాత స్పానిష్‌కి, జపనీస్‌కి వచ్చింది. తెలుగుకి లేదు. అందుకని మా గైడు గారే డిటెక్టర్. రెండు పేజీలు చదివి, "ఇది నువ్వు రాసింది కాదయ్యా, నీ వాక్యం ఇంత శుభ్రంగా ఉండదు" అంటారు.

బ్యాక్‌లాగ్ బాబు | బుధవారం, ఉదయం 7:20

అన్నా, మరి ఆయన తప్పయితే? డిటెక్టర్ తప్పయితే కనీసం స్క్రీన్‌షాట్ ఉంటుంది. సార్‌కి అనిపించడానికి స్క్రీన్‌షాట్ కూడా ఉండదు.

అను ఫాంటు బాధితుడు | బుధవారం, ఉదయం 7:34

నిజమే తమ్ముడూ. నేను నిజంగా శుభ్రంగా రాసిన రోజు ఏం చెయ్యాలో నాకూ తెలియదు. 2023లో అమెరికాలో ఒక టీచరు పిల్లల వ్యాసాలు చాట్‌జీపీటీకే ఇచ్చి "ఇది నువ్వు రాశావా" అని అడిగాడు. అది అవునంది. క్లాసు మార్కులన్నీ ఆపేశాడు. మా గైడు గారు అంతకంటే నయం, కనీసం నన్ను అడుగుతారు.

మెల్‌బోర్న్ మామ | బుధవారం, ఉదయం 11:15

ఆస్ట్రేలియా సంగతి రెండు ముక్కల్లో. డబ్బు తీసుకుని అసైన్‌మెంట్లు రాసిపెట్టడం ఇక్కడ 2020 నుంచి నేరం, రాయించుకున్న స్టూడెంట్‌కి కాదు, అమ్మినవాడికి. ఓల్డ్ బ్యాచ్ గారు ఇటు రాకపోవడం మంచిదయింది.

సిడ్నీ యూనివర్సిటీ రెండు దారులు పెట్టింది. ఒకటి, ఎదురుగా కూర్చోబెట్టి పెట్టే పరీక్షలు, వైవాలు. అక్కడ ఏం వాడాలో టీచరు చెప్తారు. రెండోది, ఇంటి దగ్గర చేసేవి. అక్కడ ఏఐ వాడొద్దని చెప్పడమే మానేస్తున్నారు, ఎందుకంటే ఆపలేరు. నిఘా పెట్టలేని చోట నిషేధం పెట్టకూడదని వాళ్ళ లెక్క.

కాకినాడ ల్యాబ్ | బుధవారం, మధ్యాహ్నం 12:40

ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు నడిపే ఎన్‌పీటీఈఎల్ ఎప్పుడో ఈ లెక్కకి వచ్చేసింది. అసైన్‌మెంట్లకి 25, ఎదురుగా రాసే పరీక్షకి 75. వారం వారం అసైన్‌మెంట్ జవాబులు యూట్యూబ్‌లో, టెలిగ్రామ్‌లో వచ్చేస్తాయని అందరికీ తెలుసు. అయినా పరీక్షలో 75కి 30 రాకపోతే సర్టిఫికెట్ రాదు.

మేడమ్, మీది జేఎన్‌టీయూహెచ్ ఆర్-22 రెగ్యులేషన్ అయితే ఇంటర్నల్ 40లో మిడ్‌కి 30, అసైన్‌మెంట్‌కి 5, ఇంకో 5 వైవా లేదా పీపీటీకి ఉంటుంది కదా. ఆ 5 చాలాచోట్ల ఎలా వేస్తారో ఇక్కడ చెప్పక్కర్లేదు, హాజరు పట్టీ చూసి వేస్తారు. దాన్ని అసైన్‌మెంట్‌కి కట్టెయ్యండి. రాసింది నువ్వే తెచ్చావు, దాని మీదే మూడు ప్రశ్నలు.

సెక్షన్ సి మేడమ్ | బుధవారం, సాయంత్రం 5:25

సర్, ఐడియా బాగుంది. లెక్క వేశాను. మనిషికి మూడు నిమిషాలైనా 66 మందికి 198 నిమిషాలు, నాలుగు పీరియడ్లు పోతాయి. నాకు ఇంకో సెక్షన్ కూడా ఉంది. మధ్యలో కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ ఫైళ్ళు, కోర్సు ఫైళ్ళు, అడ్మిషన్ల డ్యూటీ. కాలేజీ డిటెక్టర్ కొన్నది పిల్లల మీద అనుమానంతో కాదేమో అనిపిస్తోంది. మా టైమ్‌కి జీతం ఇవ్వడం కంటే సాఫ్ట్‌వేర్ లైసెన్సు చవక.

కాకినాడ ల్యాబ్ | బుధవారం, సాయంత్రం 6:10

అందరినీ ఒకేసారి ఎందుకు? ల్యాబ్ మూడు పీరియడ్లు ఉంటుంది. వాళ్ళు ప్రోగ్రాం రన్ చేస్తుంటే ఒక్కొక్కళ్ళని పక్కకి పిలవండి. ల్యాబ్‌కి పది, పన్నెండు మంది, నెలన్నరలో సెక్షన్ అయిపోతుంది. చీటీలు తీయండి, ఎవరి వంతు ఎప్పుడో ముందు తెలియకూడదు. నేను అలాగే చేస్తున్నాను. ప్రశ్నలు పుస్తకంలోంచి అడగొద్దు. "ఈ రిక్వైర్‌మెంట్ తీసేస్తే ఎవరికి నష్టం?", "ఇది నీకు ఎక్కడ కనిపించింది?", "ఇందులో నీకే నచ్చనిది ఏది?" చాట్‌జీపీటీతో రాయించినా సరే, కూర్చుని చదివి అర్థం చేసుకుని వస్తే నాకు అభ్యంతరం లేదు, మార్కు వేస్తాను.

బ్యాక్‌లాగ్ బాబు | బుధవారం, సాయంత్రం 6:32

సర్, ఒక్క మాట. మా క్లాసులో సబ్జెక్టు బాగా వచ్చి, వైవాలో నోరు పెగలని వాళ్ళు ఉన్నారు. ఇంగ్లిష్‌లో అడిగితే ఇంకా అంతే. కార్పొరేట్ స్కూల్ నుంచి వచ్చినవాడు ఏమీ తెలియకపోయినా ఇంగ్లిష్‌లో మూడు నిమిషాలు ఈజీగా లాగేస్తాడు. డిటెక్టర్ ఎవరిని కొడుతోందో వైవా కూడా వాళ్ళనే కొడుతుంది.

విశ్రాంత ఆచార్యుడు | బుధవారం, రాత్రి 7:15

ఈ థ్రెడ్‌లో ఇంతవరకు వచ్చినవాటిలో ఇది గట్టి అభ్యంతరం. జవాబు కూడా మేడమ్ మొదటి పోస్టులోనే ఉంది: ఆ అమ్మాయి తెలుగులో చెప్పింది. వైవా ఏ భాషలో అన్నది ముందే రాసిపెట్టండి. తెలుగు, ఉర్దూ, హిందీ, ఏదైనా. డాక్యుమెంట్ ఎలాగూ ఇంగ్లిష్‌లో ఉంది, మాట కూడా ఇంగ్లిష్‌లోనే ఉండాలని పట్టు ఎందుకు? చాలామంది ఎగ్జామినర్లు ఇంగ్లిష్‌కి మార్కులు వేసి సబ్జెక్టుకి వేశామనుకుంటారు. నేను ముప్పై ఏళ్ళు పక్కన కూర్చుని చూశాను. మరీ భయపడే పిల్లలైతే కాగితం ఇచ్చి, అక్కడే కూర్చుని రాయమనండి.

సెక్షన్ సి మేడమ్ | గురువారం, రాత్రి 9:05

హెచ్ఓడీకి ఇవ్వడానికి నోట్ రాశాను, ఒకసారి చూడండి:

"ఏఐ శాతాన్ని బట్టి మాత్రమే మార్కులు తీయరాదు. శాతం ఎక్కువ వచ్చినా తక్కువ వచ్చినా ప్రతి విద్యార్థినీ తన అసైన్‌మెంట్ మీద ల్యాబ్ సమయంలో ప్రశ్నించి, అసైన్‌మెంట్ 5, వైవా 5 కలిపి నిర్ణయించాలి. జవాబు తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్‌లో ఏ భాషలోనైనా ఇవ్వవచ్చు. ఏఐ వాడినవారు ఎక్కడ వాడారో చివర రెండు లైన్లు రాయాలి. నిర్ణయం నచ్చకపోతే విద్యార్థి శాఖాధిపతిని కలవవచ్చు."

విశ్రాంత ఆచార్యుడు | గురువారం, రాత్రి 9:30

బాగుంది. "ప్రశ్నించి" తీసి "మాట్లాడి" అని పెట్టు, పోలీస్ స్టేషన్ వాసన పోతుంది. అసైన్‌మెంట్లకి 2018 రెగ్యులేషన్ వర్తించదన్న ముక్క కింద ఒక లైను చేర్చు, కమిటీ ముందు పనికొస్తుంది.

లైబ్రరీ కిటికీ | గురువారం, రాత్రి 9:48

వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ లెక్క కూడా చేర్చండి, మేనేజ్‌మెంట్‌కి అమెరికా పేరు చెప్తే వింటారు. 2023 ఆగస్టులో వాళ్ళు టర్నిటిన్ ఏఐ డిటెక్టర్ ఆపేశారు. 2022లో వాళ్ళు చెక్ చేయించినవి 75 వేల పేపర్లు. కంపెనీ చెప్పుకునే 1 శాతం తప్పునే నమ్మినా 750 పేపర్ల మీద అనవసరంగా నింద పడేది.

బ్యాక్‌లాగ్ బాబు | గురువారం, రాత్రి 10:15

మేడమ్, ఇంతకీ ఆ 6 శాతం వాడికి ఎంత వేస్తున్నారు?

సెక్షన్ సి మేడమ్ | గురువారం, రాత్రి 10:40

ఇంకా వెయ్యలేదు. వచ్చే ల్యాబ్‌లో ఆ ఫుడ్ డెలివరీ డాక్యుమెంట్ చదువుకుని రమ్మన్నాను, యాక్టర్ దగ్గర నుంచే మొదలుపెడతానని చెప్పాను. అమ్మాయికి 5కి 5 వేశాను. సర్క్యులర్ ప్రకారం అది సున్నా కాబట్టి పోర్టల్‌లో ఎక్కాలంటే హెచ్ఓడీ సంతకం కావాలి. నోట్ తీసుకుని శనివారం రమ్మన్నారు.